ముందు కత్తిరించిన ముక్క

పుంగనూరు చివర పెట్రోలు బంకు దాటి సైకిలు పెద్ద రోడ్డు ఎక్కగానే స్వర్ణలత చెయ్యి తనంతట తానే హెల్మెట్ మీదికి పోయి కెమెరా బొత్తాం నొక్కింది, టిక్కుమంది, ఎర్ర దీపం వెలిగే ఉంటుంది, వెలిగిందో లేదో తనకు కనిపించదు, ఎదురొచ్చేవాళ్ళకే కనిపిస్తుంది, అదుగో ఆ ఆటో అతను చూడనే చూశాడు, చెవి దగ్గరున్న ఫోను సీటు కిందికి తోసేసి ఏమీ ఎరగనివాడిలా ముఖం పెట్టాడు, మామూలు రోజైతే నవ్వొచ్చేది. ఈ రోజు ఎవర్ని పట్టుకుందామని నొక్కినట్టు? అలవాటు, అంతే. ట్రాక్ ప్యాంటు జేబులో కెమెరాదే ఇంకో మెమరీ కార్డు ఉంది, వేలి గోరంత, చిన్న ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి, డబ్బీని మళ్ళీ చేతిరుమాల్లో చుట్టి తెచ్చింది, పదింటికల్లా మదనపల్లె స్టేషన్లో ఎస్సైగారికి ఇవ్వాలి. అసలు కార్డే కావాలి మేడమ్, వాట్సాప్‌లో పంపింది కోర్టుకు పనికిరాదు అన్నాడాయన ఫోన్లో, మర్యాదగానే అన్నాడు. టమోటా బండి గణేష్ మీద కేసు దానిమీదే నిలబడి ఉంది. వేగంగా వచ్చి, సైకిలు మీద పోతున్న టీచరమ్మను రాసుకుంటూ పోయి, బండిని బోల్తా కొట్టించి, కాలు విరగ్గొట్టుకున్నాడని కేసు. పంపిన ముక్క చూస్తే ఎవరైనా అదే అంటారు. కార్డులో మాత్రం ఆ ముక్కకు ముందు ఇంకో ముక్క ఉంది, గుక్క తిప్పుకునేంత సేపు, అది చూసినవాళ్ళు గణేష్‌ను అనరు, స్వర్ణలతను అంటారు. ఇస్తే తన పరువు పోతుంది, ఉద్యోగానికి కూడా ఏదో ఒకటి చుట్టుకుంటుంది. ఇవ్వకపోతే అతని లైసెన్సు పోతుంది. ఇవ్వకపోవడం ఎంత సులువో తలచుకుంటేనే భయంగా ఉంది, ఆ కార్డును తీసి ఈ కెమెరాలో పెట్టి నాలుగు రోజులు బడికి పోయి వస్తే చాలు, నిండిన కార్డు పాతదాన్ని తుడిచేసి దానిమీదే కొత్తది రాసుకుంటుంది, పోయింది సార్ అంటే కాదనేవాడు లేడు.

గాలి ఎదురుగా ఉంది, గేరు తగ్గించింది. వెనక నుంచి హారన్, పాల క్యాన్ల మోటారు సైకిలు, రెండు పక్కలా రెండేసి క్యాన్లు, ముందు ట్యాంకు మీద మేకపిల్ల, అతను తనను దాటుతూ తల తిప్పి నమస్కారం పెట్టాడు, రెండు చేతులూ వదిలి పెట్టాడు, కెమెరాకు పెట్టాడో తనకు పెట్టాడో. ఈ రోడ్డు మీద తన పేరు ఎవరికీ తెలియదు, అందరికీ, తప్పుగా నడిపేవాళ్ళ వీడియోలు పోలీసులకు పంపే కెమెరా మేడమే. హైస్కూల్లో పీఈటీ అని, ఖోఖో నేర్పిస్తుందని కూడా చాలామందికి తెలియదు. పోయినేడు ఒక బస్సు మోచేతికి తగిలి కిందపడినప్పుడు, డ్రైవరు దిగొచ్చి, ఈమె అంతకు ఈమే పడిందప్పా, నేను చూస్తానే ఉన్నా అని నలుగురి ముందూ చెప్పాడు, ఆ నలుగురూ తల ఊపారు, రక్తం కారుతున్న మోచేతిని పట్టుకుని తానొక్కతే కాదని నిలబడింది. ఆ కడుపుమంటతో కొన్నది ఈ కెమెరాను. కానీ విచిత్రం ఏమిటంటే కొన్నాక మంట పోయి ఇంకేదో పట్టుకుంది. సాయంత్రం టీ తాగుతూ ఆ రోజు తీసినవి చూసుకోవడం, అడ్డదిడ్డంగా వచ్చినవాడి దగ్గర బొమ్మ ఆపి ముఖం పెద్దది చేసి చూడడం. దుర్మార్గంగా ఉంటారనుకుంది, ఒక్కడూ అలా లేడు. ఒకడు ఆవలిస్తున్నాడు. ఒకడు పాట పాడుతున్నాడు, నోరు చూస్తే ఏ పాటో కూడా కనిపెట్టేయొచ్చేమో అని రెండుసార్లు వెనక్కి జరిపింది. ఒక లారీ అతను తప్పు పక్కన వస్తూ చంటిబిడ్డకు చూపించినట్టు కిటికీలోంచి దేన్నో చూపిస్తున్నాడు, పక్కన చూస్తే క్లీనరు, వాడు గడ్డాలు మీసాలున్న మనిషి, ఏం చూపిస్తున్నాడో చెరువు కట్ట వైపు, ఇప్పటికీ తెలియదు. ప్రాణాలు తీసేంత తప్పు చేస్తున్న క్షణంలో మనిషి లోపల ఏముంటుంది? కోపమూ కాదు, పొగరూ కాదు, ఏదో చిన్న పని. తేనీగను తోలుకోవడం లాంటి పని. ఇది ఎవరితోనైనా అనాలని ఉండేది, స్టాఫ్ రూములో ఎత్తితే, మళ్ళీ మొదలుపెట్టిందిరా అన్నట్టు చూసేవాళ్ళు.

ఎడమ పక్క మామిడి తోటలు, కుడి పక్క రాళ్ళగుట్ట, గుట్ట మీద గొర్రెలు. సదుం వైపు నుంచి వచ్చే టమోటా బండ్లు ఈ పాటికి మదనపల్లె మార్కెట్ యార్డు చేరిపోయి ఉంటాయి, ఆలస్యమైనవే ఇప్పుడు ఉరుకుతుంటాయి, వేలం అయిపోయాక పోతే కాయను అడిగే దిక్కుండదు, అందుకని హారన్ మీద పెట్టిన చెయ్యి తియ్యరు. ఆ రోజు గణేష్ బండీ అలాగే వచ్చింది. అమావాస్య మర్నాడు. వెనక హారన్ విన్నట్టు గుర్తు, పక్కనుంచి పసుపుపచ్చ క్రేట్ల గోడ జరిగిపోయినట్టు గుర్తు, అరచెయ్యి కూడా లేదు మధ్యలో, తర్వాత ఆ గోడ అవతలి పక్కకు వాలడం, చప్పుడు, రోడ్డంతా టమోటాలు, తన ముందు చక్రం వాటి మీద జారి ఆగడం. డ్రైవరును బయటికి లాగింది తనే, ఇంకో ఇద్దరు వచ్చి పట్టారు, అతని చొక్కా నిండా ఎర్రగా ఉంటే రక్తమనుకుంది, సగం టమోటా రసం. అతను తనను చూసి ఏదో అన్నాడు, దెబ్బ తగిలిందా మేడమ్ అన్నాడు, ఎవరికి తగిలిందో తెలియని మాట అది అనుకుంది అప్పుడు. మధ్యాహ్నమే వీడియో కత్తిరించి పోలీసుల నెంబరుకు పంపింది, ఎప్పుడూ చేసేటట్టే, బండి పక్కన కనిపించిన దగ్గర్నుంచి అది పడేదాకా. అబద్ధం చెప్పాలని కాదు, పెద్దది పంపితే పోదు, ముందూ వెనకా తీసేయడం అలవాటు. ఆ ముక్క తన ఫోన్ దాటి ఎక్కడెక్కడికో పోయింది, లోకల్ ఛానల్ వాళ్ళు గీతలు గీసి బాణాలు పెట్టి చూపించారు, కింద జనం గణేష్‌ను తిట్టిన తిట్లకు అంతు లేదు, తాగి ఉంటాడని ఒకరు, గాంజా అని ఒకరు. తాగలేదని ఆసుపత్రి వాళ్ళు చెప్పారు, అది ఎవరూ పంచుకోలేదు. స్వర్ణలత చదివి ఊరుకుంది. ఊరుకోవడంలో కొంచెం తీపి ఉండింది, కాదనడం ఎందుకు, మోచేతికి బస్సు తగిలిన రోజు తల ఊపిన నలుగురికీ కలిపి జవాబు చెప్పినట్టయింది.

అమ్మ చూడకపోయి ఉంటే ఈ రోజు ఇంత బరువుండేది కాదు ఈ జేబు. మొన్న ఆదివారం, కోర్టుకు కావాలన్నారని, ఆ రోజే తీసి దాచిన కార్డును లాప్‌టాప్‌లో పెట్టి మొత్తం తెరిచింది, వెనక కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న యశోదమ్మ కళ్ళద్దాలు సరిచేసుకుని ముందుకు వంగింది, బండిని చూడలేదు, టమోటాలను చూడలేదు, కూతురు ఎంత గండం తప్పించుకుందో కూడా చూడలేదు. "ఆపు పాపా, ఆపు. ఆడ రోడ్డు మింద ఉండేది దిష్టి గుమ్మడికాయ గదా?" అంది. స్వర్ణలత వెనక్కి జరిపింది. మూడు దార్లు కలిసేచోట, ఎడమ అంచుకు కొంచెం ఇవతల, పగిలిన బూడిద గుమ్మడికాయ, లోపల కుంకుమ, ఒక నిమ్మచెక్క. ఇంతవరకూ కనపడనే లేదు, కనపడకపోవడమేమిటి, కెమెరా తన నెత్తి మీదే ఉంది, తను చూసిందే అదీ చూసింది. బొమ్మ కదిలింది. హారన్. తర్వాత హ్యాండిల్ మీద తన రెండు చేతులు, ఎడమ చెయ్యి ముందుకు తోసింది, కుడి చెయ్యి లాక్కుంది, సైకిలు గుమ్మడికాయను చుట్టి రోడ్డు నడిమికి పోయింది. అప్పుడు వచ్చింది పక్కనుంచి పసుపుపచ్చ గోడ. రాసుకుంటూ రాలేదు. తనే దాని దారిలోకి పోయింది, అది తన మీదికి రాకుండా కుడికి కొట్టుకుని పోయి పడింది. "తొక్కలేదులే, బాగా తిప్పినావు," అని యశోదమ్మ మళ్ళీ చిక్కుడుకాయలు అందుకుంది.

ఎంత మెచ్చుకోలుగా అంది. ఇరవై ఏళ్ళ చాకిరీకి ఎప్పుడూ అంత మెచ్చుకోలేదు. ఎగువ వచ్చింది, స్వర్ణలత సీటు మీంచి లేచి తొక్కింది, ఊపిరి లెక్క తప్పుతోంది, తప్పనీ. ఈ చేతులకు ఎవరు చెప్పారు, అదీ తెలియాల్సింది. తనకు దిష్టి అంటే నమ్మకం లేదు, ఉందని ఎవరైనా అంటే కోపం కూడా, ఆటల పోటీలకు పోయే ముందు పిల్లల చేతికి నల్లదారాలు కడుతుంటే విప్పించింది, మీ కాళ్ళను నమ్ముకోండి అని చెప్పింది, ఆ పిల్లలు కుప్పంలో గెలిచి వచ్చారు కూడా. నమ్మనిది నోరు, నమ్మనిది తల, చేతులను అడిగిందెవరు. చిన్నప్పుడు బడికి నడిచిపోతుంటే అమ్మ భుజం పట్టి ఒక్క లాగు లాగేది, మాట కూడా ఉండదు, లాగాక చూస్తే కింద మిరపకాయలో, ఎర్రనీళ్ళో, వెంట్రుకల చుట్టో. తర్వాత తర్వాత లాగక ముందే కాళ్ళు జరిగేవి. నేర్చుకున్నట్టే తెలియని చదువు అది. ఖోఖోలో తను నేర్పించేదీ అదే కదా, ఆలోచించకు, విజిల్ వినపడగానే ఒళ్ళు తిరగాలి, ఆలోచిస్తే ఔటు. అమ్మ తనకంటే మంచి పీఈటీ. ఈ తిక్క ఊహకు నవ్వొచ్చింది, నవ్వితే గాలి నోట్లోకి కొట్టింది. మరి వెనక హారన్ వినపడింది కదా, వినపడినా తిప్పింది, అంటే బండి కంటే గుమ్మడికాయకు భయపడింది, టన్నుల బరువున్న బండికి భయపడని మనిషి కుళ్ళిపోయే కాయకు భయపడింది. ఆ క్షణంలో కెమెరా తన వైపు తిరిగి ఉంటే ముఖం ఎలా ఉండేదో. దుర్మార్గంగా ఉండదు. తేనీగను తోలుకుంటున్నట్టు ఉంటుంది.

బడి వచ్చింది, గేటు దగ్గర పిల్లలు చేతులు ఊపారు, ఈ రోజు పర్మిషన్ పెట్టింది, ఆగలేదు, చెయ్యి మాత్రం ఎత్తింది. నిన్న ఆ గేటు దగ్గరే కుమారి నిలబడి ఉంది, గణేష్ భార్య, ఎవరో తెలియక ఏ పిల్ల తల్లో అనుకుంది. ఆట అయ్యేదాకా ఖోఖో కోర్టు గీత అవతలే నిలబడింది, గీత తొక్కలేదు. మా పుట్టిల్లు కుప్పం పక్కన మేడమ్, ఆడ పెద్దాసుపత్రిలో చేర్చినాము, మా అమ్మ చూసుకుంటా ఉండాది, నేను ఈ పని మింద వచ్చినాను అంది. ఏడుస్తుందేమో, కాళ్ళు పట్టుకుంటుందేమో అని స్వర్ణలత బిగుసుకుపోయి నిలబడింది, ఆమె అవేవీ చేయలేదు. "తప్పు ఆయప్పదే అయితే ఆ కార్డు పోలీసోళ్ళకు ఇచ్చేయండి మేడమ్. బండి తప్ప ఇంకో పని రాదు ఆయప్పకు, లైసెన్సు పోతే కూలికి పోతాము, అది ఏరే మాట. కానీ ఒకటి అడగాలని వచ్చినా. అంత రోడ్డుండంగా యాల అట్ల కుడి పక్కకు కొట్టినాడు? అడిగితే నోరు ఇప్పడు. పోలీసోళ్ళు అడిగినా తప్పు నాదే అనేసినాడు. మీరు పక్కనే ఉన్నారు గదా, మీకేమన్నా కనపడిందా?" ఆ అడగడంలో నింద లేదు, తెలుసుకోవాలని తప్ప ఇంకేమీ లేదు, అందుకే అది నేరుగా వచ్చి తగిలింది. సరిగ్గా చూడలేదమ్మా అంది స్వర్ణలత. సరిగ్గా చూడడానికని నెత్తికి కెమెరా కట్టుకు తిరిగే మనిషి. ఆమె ఫోన్ నెంబరు రాయించుకుని పంపించింది, ఎందుకు రాయించుకుందో కూడా తెలియలేదు. అతను ఎందుకు చెప్పలేదు? ఆమె అడ్డమొచ్చింది అంటే సరిపోయేది. నమ్మరనా, ఆడమనిషి మీద చెప్పడం ఎందుకనా, లేక చూడనే లేదా. రాత్రి నుంచి తొలుస్తున్నది కార్డు కాదు, ఇదే.

మూడు దార్లు. బ్రేకు నొక్కకుండానే సైకిలు నెమ్మదించింది. గుమ్మడికాయ లేదు, కుంకుమ మరక కూడా లేదు, నెల దాటింది, రెండు వానలు పడ్డాయి. అవతలి కాలవ గట్టున, బండి పడినచోట, టమోటా మొలకలు లేచి ఉన్నాయి, గుంపులు గుంపులుగా, ఎవరూ నాటనివి, జానెడు ఎత్తు, ఒక మేక వాటిని ముట్టుకోకుండా పక్కన గడ్డి తింటోంది. కాలు కింద పెట్టి చూసింది. ఎంత చోటుందో చూద్దామని. ఎడమ అంచుకు, గుమ్మడికాయ ఉన్నచోటికి మధ్య సైకిలు పోయేంత సందు ఉంది, సుఖంగా పోవచ్చు, అటు పోయినా తొక్కేది కాదు. ఆ సందు ఆ రోజు కనపడలేదు. కుడికే ఎందుకు తిరిగింది? అమ్మ ఎప్పుడూ కుడి చేత్తో బుట్ట పట్టుకుని ఎడమ చేత్తో తన భుజం లాగేది కాబట్టా? అయ్యుండదు, అయినా అయ్యుండొచ్చు, ఇది ఎవరికి చెప్పి కనుక్కోవాలి. బస్సు ఒకటి వెనక నుంచి వచ్చి, నెత్తి మీద కెమెరాను చూసిందో ఏమో, చాలా దూరంగా జరిగి దాటింది, డ్రైవరు కిటికీలోంచి వేలెత్తి చూపించి పోయాడు, చూసుకో నేను ఎంత బాగా పోతున్నానో అని. మంచివాళ్ళను కూడా తన కెమెరా తీస్తుంది, వాళ్ళను ఎప్పుడూ ఎవరికీ పంపలేదు.

మదనపల్లె దగ్గర పడేకొద్దీ గాలిలో పులుపు, మగ్గిన కాయల వాసన, యార్డు దగ్గర ఎప్పటిలాగే లారీలు రోడ్డు మీదికి నిలబెట్టేశారు, ఆటోలు, బస్సులు, ఖాళీ క్రేట్లు ఎత్తుకుపోయే బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. సైకిలుకు దారి దొరుకుతుంది కానీ దిగింది. ఒక టీ బంకు గోడకు ఆనించి ఫోను తీసింది. కార్డు ఇచ్చాక చేస్తే అది వేరే, ఇవ్వకముందే చేయాలి, లేకపోతే పోలీసులు చెప్పాక తెలుస్తుంది అతనికి. కుమారి ఎత్తింది, అప్పుడే కుప్పం ఆసుపత్రికి తిరిగి చేరినట్టుంది, మేడమా అని ఫోను అటు ఇచ్చేసింది, వెనక ఎవరో అరవంలో నర్సును పిలుస్తున్నారు, ఎవరో కన్నడంలో తిడుతున్నారు.

"నేనే మేడమ్, గణేష్‌ను."

"ఎట్లుండావప్పా?"

"కాలికి కడ్డీ ఏసినారు. పండుకోనే ఉండాను. మీకు ఏమీ కాలేదు గదా ఆ పొద్దు?"

ఆ పొద్దు అన్నది కూడా ఇదే. దెబ్బ తగిలిందా మేడమ్ అని అడిగింది తెలిసే అడిగాడు, సగం స్పృహలో కాదు. అడిగేసింది. "నేను అడ్డమొచ్చినానని పోలీసోళ్ళకు యాల చెప్పలేదు నువ్వు?"

"యా మొగం పెట్టుకోని చెప్పేది మేడమ్. మిమ్మల్ని బెదిరించింది నేనే గదా. వేలం అయిపోతా ఉండాదని ఈపు కాడికొచ్చి అంత గట్టిగా కొట్నా హారన్. అట్ల కొడితే ఎవరైనా ఉలిక్కిపడి తిప్పేస్తారు. రోంత ఉంటే బండి మీ మిందే పోయిండేది. కండ్లు మూస్తే అదే మేడమ్, మీరు అట్ల తిరిగింది. మా ఇంటామెకు కూడా చెప్పుకోలేకుండా ఉండాను."

పక్కన లారీ ఒకటి స్టార్టయి నల్లపొగ వదిలింది, స్వర్ణలత ముఖం తిప్పుకోలేదు. ఇప్పుడు ఊరుకుంటే చాలు. అతనే చెప్పేశాడు, అతనే ఒప్పుకున్నాడు, ఊరుకోవడం తనకు కొత్త కూడా కాదు. ఈ మనిషి నెల రోజులుగా కళ్ళు మూసుకోలేక పడి ఉన్నాడు, స్వర్ణలత చేతుల్లో ఉన్న భయం తన హారన్‌లో ఉందనుకుని.

"హారన్‌కు కాదప్పా," అంది. "రోడ్డు మింద దిష్టి గుమ్మడికాయ ఉన్నింది. దాన్ని తొక్కగూడదని తిప్పినా. నీ హారన్ ఇనపడింది, ఇనపడినా ఎనక సూడకుండా తిప్పినా. నీ బండి వేగంగానే ఉండె, అది ఏరే. కానీ నేను బెదర్లేదు."

"నా హారన్‌కు గాదా?"

"గాదు."

కేసు సంగతి అడుగుతాడనుకుంది, లైసెన్సు సంగతి, తిడతాడని కూడా అనుకుంది, తిడితే పడదామనే ఉంది. అతను ఫోను పక్కకు తీసి, "కుమారీ, నా హారన్‌కు గాదంట, ఆయమ్మ బెదర్లేదంట," అన్నాడు, ఇంకేదో అనబోయి అనలేక వెక్కుతున్నాడు, అంత పెద్ద మనిషి, మంచం కూడా కిర్రుమంటోంది, కుమారి ఏమైంది ఏమైంది అంటోంది. స్వర్ణలత ఫోను పెట్టలేక, వినలేక, వింటూ నిలబడింది, తనకూ ఏడుపొచ్చింది, టీ బంకు ఆమె గ్లాసు కడుగుతూ చూసి మళ్ళీ తల దించుకుంది. ఆదివారం నుంచి అన్నిటి గురించీ ఆలోచించింది, అతను తన గురించి భయపడుతూ పడుకుని ఉంటాడని మాత్రం ఒక్కసారి కూడా తట్టలేదు.

స్టేషన్ ముందు సైకిలుకు తాళం వేసి హెల్మెట్ చంకలో పెట్టుకుని లోపలికి పోయింది. ఎస్సైగారు లేచి కుర్చీ చూపించాడు, కానిస్టేబులు కార్డును కంప్యూటర్లో పెట్టి మౌసు మీద చెయ్యి వేసి, బండి ఎక్కడొస్తుందో చెప్పండి మేడమ్, ఆడికి జరిపేస్తాను అన్నాడు. స్వర్ణలత కూర్చోలేదు. "జరపొద్దు సార్. మొదట్నించి పెట్టండి. బండి రాకముందు నా చేతులు కనిపిస్తాయి, వాటిని చూడండి," అంది.